తేరుకున్న నీళ్ళు

బిందెలో పోసిన బురదనీళ్ళు కదలకుండా ఉండి, మడ్డి అడుక్కి దిగితే 'నీళ్ళు తేరుకున్నాయి' అంటాం. జ్వరం తగ్గి లేచి కూచున్న మనిషినీ, చెడ్డవార్త విని కాసేపటికి నోరు విప్పిన మనిషినీ కూడా 'తేరుకున్నాడు' అనే అంటాం. సంస్కృతంలో 'ప్రసన్న' శబ్దమూ అలాంటిదే. తేటనీటికీ చెల్లుతుంది, కోపం దిగిన మొహానికీ చెల్లుతుంది. తేటగా ఉండడం ఆరోగ్యం, మసకగా ఉండడం రోగం అన్న నమ్మకం మనం ఆలోచించడానికి ముందే భాషలో వచ్చి కూచుంది.

ఇంట్లో గాజుతొట్టి పెట్టి చేపలు పెంచేవాళ్ళకి ఈ నమ్మకమే చిక్కులు తెస్తుంది. అద్దంలా మెరిసే నీళ్ళలో చేపలు ఒక్కరాత్రిలో చచ్చి తేలడం మామూలే. చిక్కటి పచ్చనీళ్ళలో చేపపిల్లలు నిక్షేపంగా ఎదగడమూ మామూలే. నేను ఆరేళ్ళుగా తొట్టి పెంచుతున్నానని తెలిసిన స్నేహితులు, వాళ్ళు తొట్టి కొన్న రెండోవారంలో వాట్సాప్‌లో ఒక ఫొటో పంపిస్తారు. నీళ్ళు పలచటి మజ్జిగలా తెల్లగా ఉంటాయి, లేకపోతే బచ్చలాకు పిండినట్టు పచ్చగా ఉంటాయి. కింద ఒకటే ప్రశ్న: "ఏం పొయ్యాలిరా దీంట్లో?"

ఏదో ఒకటి పోస్తే తేరుకుంటాయి అన్న ఆ ప్రశ్న వెనక నూటడెబ్బై అయిదేళ్ళ చరిత్ర ఉంది. అందులో లండన్‌కి చెందిన ఒక తండ్రీకొడుకులున్నారు. నీళ్ళెందుకు మసకబారతాయో తండ్రి సగం కనిపెట్టాడు. మిగతా సగం కొడుకు కనిపెట్టాడు, కానీ ఆయన వెతికింది పొలంలోని మట్టిలో. ఆ రెండు సగాలూ గాజుతొట్టిలో ఒకచోట కలవడానికి మరో వంద సంవత్సరాల దాకా పట్టింది. ఆ కథ తెలిస్తే 'ఏం పొయ్యాలి' అన్న ప్రశ్నే మారిపోతుందని నా నమ్మకం.

గింజతో పోయే మసక

ముందు మనకి తెలిసిన మసకతో మొదలుపెడదాం. చిల్లగింజ పేరు పాతతరం వాళ్ళు విని ఉంటారు. ఇండుపగింజ అని కూడా అంటారు. దాన్ని కుండ లోపలివైపు అరగదీసి బురదనీళ్ళు పోస్తే కాసేపటికి మట్టి అడుక్కి దిగి నీళ్ళు తేటపడతాయి. ఈ వాడుక ఎంత పాతదంటే మనుస్మృతిలో కూడా ఆ గింజ ప్రస్తావన ఉంది. గింజ పేరు చెప్పినంత మాత్రాన నీళ్ళు తేరుకోవు, పని చేస్తేనే తేరుకుంటాయి అన్న అర్థంలో.

జరిగేది ఏమిటంటే, నీళ్ళలో తేలే సన్నటి మట్టిరేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి కాబట్టి కిందికి దిగవు. గింజలోని పదార్థాలు వాటిని ముద్దలుగా అతికిస్తాయి. బరువెక్కిన ముద్దలు మునుగుతాయి. పటిక చేసే పనీ ఇదే. అక్వేరియం షాపుల్లో 'వాటర్ క్లియర్' లాంటి పేర్లతో చిన్న సీసాల్లో అమ్మే ద్రవాల్లో చాలావరకు ఈ గింజకి కొత్త అవతారాలే.

కొత్త తొట్టిలో గులకరాళ్ళు సరిగ్గా కడక్కుండా వేస్తే వచ్చే మసకకి ఇది సరైన మందు. కాకపోతే అది మందు లేకుండా కూడా రెండ్రోజుల్లో పోతుంది. తక్కువ ప్రమాదం ఉన్న మసక అదే. తొట్టిలో మిగతా రెండు మసకలూ ప్రాణమున్నవి. తెల్లది బాక్టీరియా, పచ్చది నాచు. ప్రాణమున్నవాటిని ముద్దకట్టి కింద పడేస్తే అవి అక్కడే కుళ్ళి, తర్వాత పుట్టేవాటికి ఆహారమవుతాయి. సీసా పోసిన వారానికి నీళ్ళు మళ్ళీ మసకబారడం, మళ్ళీ సీసా కొనడం ఇందుకే. బగ్ అలాగే ఉంది, ఎర్రర్ మెసేజ్ మాత్రం దాచేశాం.

పచ్చపదార్థం

పచ్చనీళ్ళని ఇవాళ మనం రోగంగా చూస్తాం. కానీ మొక్కలు ఎలా బతుకుతాయో మనిషికి తెలియడంలో ఆ పచ్చనీళ్ళకి పెద్ద భాగముంది.

జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1771లో ఒక ప్రయోగం చేశాడు. కొవ్వొత్తి కాలి ఆరిపోయిన గాలిలో పుదీనా కొమ్మ పెడితే కొన్నాళ్ళకి ఆ గాలిలో మళ్ళీ కొవ్వొత్తి వెలిగింది. చెడిన గాలిని మొక్క బాగుచేస్తుందన్నమాట. అయితే ఆ ప్రయోగం ఒక్కోసారి ఫలించేది, ఒక్కోసారి ఫలించేది కాదు. 1778లో ఆయన తన గాజుపాత్రల్లో నిలవున్న నీళ్ళలో పచ్చటి పదార్థమేదో పేరుకోవడం చూశాడు. ఎండలో పెడితే దాన్నుంచి బుడగలు లేచాయి. పట్టి చూస్తే స్వచ్ఛమైన గాలి, ఇప్పుడు మనం ఆక్సిజన్ అంటున్నది. దానికి 'గ్రీన్ మాటర్' అని పేరు పెట్టాడు. అది జంతువూ కాదు, మొక్కా కాదనుకున్నాడు మొదట. నాచు అని ఒప్పుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది.

ఈలోగా 1779 వేసవిలో యాన్ ఇంగెన్‌హౌస్ అనే డచ్చి వైద్యుడు లండన్ దగ్గర ఒక ఇల్లు అద్దెకి తీసుకుని, నీళ్ళలో ముంచిన ఆకుల మీద అయిదువందలకి పైగా ప్రయోగాలు చేశాడు. వెలుతురులో మాత్రమే, ఆకుపచ్చటి భాగాలు మాత్రమే ఆ పని చేస్తాయని తేల్చాడు. కిరణజన్యసంయోగక్రియ అని మనం స్కూల్లో బట్టీపట్టిన పాఠానికి పునాది అక్కడ పడింది. తర్వాత 20వ శతాబ్దంలో మెల్విన్ కాల్విన్ బృందం ఆ క్రియలో కార్బన్ ఏ దారిలో నడుస్తుందో పట్టుకున్నదీ, 1961లో ఆయనకి నోబెల్ వచ్చిందీ క్లోరెల్లా లాంటి ఏకకణ నాచులతో చేసిన పని వల్లే. చాలాసార్లు అక్వేరియం నీళ్ళని పచ్చబరిచేది ఆ నాచూ, దాని చుట్టాలే.

పచ్చనీళ్ళు తిరగరాసిన లెక్క ఇది: జంతువు పాడుచేసే గాలిని మొక్క బాగుచేస్తుంది, మొక్కకి కావలసింది జంతువు ఇస్తుంది. 19వ శతాబ్దపు రసాయనవేత్తలకి ఈ జమాఖర్చు అందంగా కనిపించింది. దాన్ని గాజుపెట్టెలో పెట్టి చూపించాలన్న కోరిక అక్కణ్ణుంచే పుట్టింది.

కిటికీ దగ్గర పనిమనిషి

1846లో ఆనా థిన్ అనే ఆవిడ ఇంగ్లండ్ దక్షిణతీరంలోని టార్కీ నుంచి కొన్ని పగడపుజీవుల్ని లండన్ తెచ్చుకుంది. వాళ్ళాయన వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో మతాధికారి. సముద్రం అందుబాటులో లేని ఊళ్ళో సముద్రజీవుల్ని బతికించాలంటే నీళ్ళలో గాలి కలవాలి. అందుకోసం రోజూ అరగంటకి పైగా, తెరిచిన కిటికీ ముందు నిలబడి, ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఆ నీళ్ళని పొయ్యాలి. పోసింది పనిమనిషి. హోటల్లో టీ మాస్టర్ ఎత్తునుంచి టీ తిరగపోసినట్టు, నెలల తరబడి. తర్వాత థిన్ నీళ్ళలో సముద్రపు నాచు కూడా వేసింది. ఆ జీవులు మూడేళ్ళు బతికాయి. అక్వేరియం చరిత్ర రాసినవాళ్ళు థిన్ పేరు రాస్తారు. ఆ ఇంట్లో ఎయిర్‌పంప్ ఉద్యోగం చేసిన మనిషి 'పనిమనిషి'గానే మిగిలింది.

ఈ వివరం దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగాను. ఎందుకంటే తర్వాత జరిగిన కథంతా ఇలాంటిదే. నీళ్ళు తేటగా ఉన్నాయంటే ఎవరో ఎక్కడో పనిచేస్తున్నారని అర్థం. ఆ పనిచేసేవాళ్ళు కనపడరు. కనపడరు కాబట్టి, నీళ్ళు వాటంతట అవే తేటగా ఉన్నాయనుకుంటాం.

తండ్రి: ఐదారు నత్తలు

రాబర్ట్ వారింగ్టన్ లండన్‌లోని అపోథెకరీస్ హాల్లో రసాయనవేత్త. మందులు తయారుచేయించడం, వాటి స్వచ్ఛత చూడడం ఆయన ఉద్యోగం. 1841లో లండన్ కెమికల్ సొసైటీ పుట్టడానికి ముఖ్యకారకుల్లో ఒకడు. 1849లో ఆయన 12 గ్యాలన్ల గాజుపాత్ర ఒకటి, మన లెక్కలో సుమారు 55 లీటర్లది, తీసుకుని అడుగున ఇసుక, మట్టి, రాళ్ళు వేశాడు. వాలిస్‌నేరియా అనే నీటిమొక్క నాటాడు. రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లు వదిలాడు. నీళ్ళు మార్చకుండా ఎన్నాళ్ళు నడుస్తుందో చూద్దామని.

జమాఖర్చు ప్రకారం అంతా సరిపోవాలి. చేప వదిలినది మొక్కకి, మొక్క వదిలినది చేపకి. కానీ కొన్నాళ్ళకి ముదురాకులు కుళ్ళడం మొదలైంది. అద్దానికి పచ్చటి జిగురు పట్టింది. నీళ్ళు మసకబారాయి. ఇది ఇలాగే సాగితే చేపలు బతకవని వారింగ్టన్‌కి అర్థమైంది.

అప్పుడాయన చేసిన పని నాకు చాలా ఇష్టం. నీళ్ళు పారబోయలేదు, ఏ రసాయనమూ పొయ్యలేదు, చేతిలో రసాయనశాల ఉండి కూడా. సహజంగా చెరువుల్లో ఈ కుళ్ళుని ఎవరు తింటారా అని ఆలోచించాడు. ఐదారు చెరువునత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకుల్నీ అద్దం మీది జిగురునీ తినేశాయి. నీళ్ళు తేరుకున్నాయి. పైగా నత్తలు పెట్టిన గుడ్లు చేపలకి మేతయ్యాయి. 1850 మార్చిలో కెమికల్ సొసైటీకి ఆయన చదివిన పత్రం ఈ రెండు చేపలూ, ఒక మొక్కా, ఐదారు నత్తల గురించే. మసకనీళ్ళు ఎందుకు వచ్చాయో విచారించి, కారణాన్ని సరిచేసి, ఫలితాన్ని పత్రంగా రాసిన తొలి సందర్భాల్లో ఇదొకటి. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, ఒక పోస్ట్‌మార్టమ్ రిపోర్ట్.

అయితే ఆయన వివరణలో ఒక ఖాళీ ఉంది. నత్త ఆకుని తింటే, నత్త కూడా విసర్జిస్తుంది కదా? కుళ్ళు చోటు మారింది, రూపం మారింది, ఎక్కడికీ పోలేదు. చేపా, నత్తా వదిలిన అమోనియా ఏమైంది? మొక్క కొంత పీల్చుకుంటుంది. మిగతాది? ఆ గాజుపాత్ర నడిచిందంటే ఇసుకలోనూ మట్టిలోనూ ఇంకెవరో పనిచేశారు. ఆయన లెక్కలో వాళ్ళకి జీతాల పట్టీ లేదు.

పిచ్చి పట్టి, వదిలి

ఇంగ్లండ్‌లో గాజు మీద పన్ను 1845లో తీసేశారు. గాజు చవకయింది. 1853లో లండన్ జూలో 'ఫిష్ హౌస్' తెరిచారు. మరుసటేడు ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం రాసి ఆ మాటని జనంలోకి తీసుకెళ్ళాడు. మధ్యతరగతి ఇళ్ళల్లో ముందుగదిలో తొట్టి పెట్టుకోవడం ఫ్యాషనైపోయింది. చేపా మొక్కా కలిపితే 'సమతుల్యం' దానంతటదే వస్తుందని పుస్తకాలు చెప్పాయి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే మొక్కలు బాగా పనిచేస్తాయనీ చెప్పాయి. కిటికీ దగ్గర పెట్టిన తొట్టి పచ్చనీళ్ళ కుండీ అవుతుందని కొన్నవాళ్ళందరికీ ఒక్క వేసవిలో తెలిసొచ్చింది. 1860లు గడిచేసరికి ఆ పిచ్చి చల్లబడింది.

నిలబడినవాళ్ళలో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ ఒకడు. లండన్‌లో అక్వేరియం సామాన్ల దుకాణం నడిపిన మనిషి. తర్వాత హాంబర్గ్‌లోనూ, 1871లో లండన్ క్రిస్టల్ పాలెస్‌లోనూ పెద్ద అక్వేరియంలు కట్టించాడు. క్రిస్టల్ పాలెస్‌ది ఉప్పునీటి అక్వేరియం. జనం చూసే తొట్ల కంటే ఎన్నోరెట్లు పెద్ద నీటితొట్టెని నేల కింద, చీకట్లో కట్టాడు. ఆవిరియంత్రంతో ఆ నీళ్ళని రాత్రింబవళ్ళు పైకీ కిందకీ తిప్పాడు. చీకట్లో ఉన్న నీళ్ళు పచ్చబడవు, కదిలే నీళ్ళలో గాలి కలుస్తుంది. ఆ చీకటితొట్టె గోడల మీద ఇంకో మేలు కూడా జరుగుతూ ఉండాలి. కానీ అప్పటికి ఆ మేలుకి పేరు లేదు.

కొడుకు: రెండంచెల పని

వారింగ్టన్‌కి కొడుకున్నాడు. ఆయన పేరూ రాబర్ట్ వారింగ్టనే. 1838లో పుట్టాడు. తండ్రి గాజుపాత్రలో నత్తలు వేసేనాటికి పదకొండేళ్ళవాడు. రసాయనశాస్త్రం నేర్చుకున్నది కూడా తండ్రి ప్రయోగశాలలోనే. 1876లో ఆయన లండన్‌కి ఉత్తరాన రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాక్షేత్రంలో చేరాడు. అక్కడి సమస్య చేపలు కాదు, ఎరువులు. పొలంలో వేసిన అమోనియా ఎరువు కొన్నాళ్ళకి నైట్రేట్‌గా మారి వర్షానికి కొట్టుకుపోతోంది. మార్చేది ఎవరు?

మరుసటేడే పారిస్ నుంచి ఒక జవాబొచ్చింది. ష్లోసింగ్, మ్యుంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సుమారు మీటరు పొడవున్న గాజుగొట్టంలో ఇసుకా సున్నపురాయీ నింపి, పైనుంచి మురుగునీళ్ళు మెల్లగా వదిలారు. ఇరవై రోజులపాటు ఏమీ జరగలేదు. ఆ తర్వాత కిందికి దిగే నీళ్ళలో నైట్రేట్ కనపడింది. క్లోరోఫామ్ ఆవిరి పట్టిస్తే ఆ పని ఆగిపోయింది. తోటమట్టి కడిగిన నీళ్ళు కాసిని పోస్తే మళ్ళీ మొదలైంది. ఇది ఉత్త రసాయనచర్య అయితే ఇరవై రోజులు ఆగదు, మత్తుమందుకి లొంగదు. కాబట్టి అక్కడ పనిచేసేవి జీవులు.

అక్వేరియం పెట్టిన ఎవరికైనా ఈ ప్రయోగం చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఇసుకగొట్టం అంటే ఫిల్టర్. ఇరవై రోజుల మౌనం అంటే కొత్త తొట్టి 'సైకిల్' అవడానికి పట్టే కాలం. తోటమట్టి నీళ్ళు అంటే, పాత తొట్టి స్పాంజిని తెచ్చి కొత్త ఫిల్టర్లో పెట్టే చిట్కా. ఇవన్నీ 1877లోనే కాగితం మీద ఉన్నాయి.

కొడుకు వారింగ్టన్ ఈ పనిని పద్నాలుగేళ్ళపాటు పట్టుకుని వదల్లేదు. వెలుతురు ఆ జీవులకి అడ్డొస్తుందనీ, చీకట్లో అవి బాగా పనిచేస్తాయనీ చూశాడు. పని రెండంచెల్లో జరుగుతుందని తేల్చాడు: అమోనియాని నైట్రైట్‌గా మార్చేది ఒకటి, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేది ఇంకొకటి. కానీ ఆ జీవుల్ని విడదీసి, ఇదిగో అని చూపించలేకపోయాడు. అప్పట్లో సూక్ష్మజీవుల్ని పెంచడానికి అందరూ వాడే పద్ధతి జెలటిన్ పలక. పోషకాలు దట్టించిన ఆ పలక మీద ఈ జీవులు మొలవ్వు. 1890లో జ్యూరిక్‌లో పనిచేస్తున్న సెర్గీ వినోగ్రాడ్‌స్కీ కిటుకు పట్టుకున్నాడు. ఇవి మనలాగా తయారైన ఆహారం తిని బతికేవి కావు. అమోనియా నుంచి శక్తి తీసుకుని, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో తమ ఒళ్ళు తామే కట్టుకునేవి. విందు తీసేసి, ఉత్త ఖనిజలవణాలు పెడితే పెరిగాయి. విందుభోజనం వడ్డించినచోట రాని అతిథులు, ఉప్పూ నీళ్ళూ పెట్టిన చోటికి వచ్చారు.

తండ్రి గాజుపాత్ర ఎందుకు నడిచిందో కొడుకు చేతిలో ఉన్న జవాబు చెబుతుంది. అయినా అక్వేరియం పుస్తకాలు ఇంకా చాలాకాలం చేపా-మొక్కా జమాఖర్చే చెబుతూ వచ్చాయి. మట్టి చదివేవాళ్ళు చేపల పత్రికలు చదవరు. చేపల వాళ్ళు మట్టి చదవరు.

వందేళ్ళ తర్వాత

వారింగ్టన్ ప్రయోగానికి సరిగ్గా వందేళ్ళకి, 1949లో, జేమ్స్ ఆట్జ్ అనే అమెరికన్ చేపల శాస్త్రవేత్త 'సమతుల్య అక్వేరియం' ఒక కట్టుకథ అని వ్యాసం రాశాడు. చేపలకి గాలి అందేది ప్రధానంగా నీటి ఉపరితలం నుంచి, మొక్కల నుంచి కాదని ఆయన వాదన. తర్వాతి దశాబ్దాల్లో ఫిల్టర్ అంటే చెత్త పట్టే జల్లెడ మాత్రమే కాదు, బాక్టీరియా కాపురముండే ఇల్లు అన్న అవగాహన మెల్లగా అభిరుచిపరులదాకా చేరింది.

కథ అక్కడితో ముగియలేదు. నైట్రైట్‌ని మార్చేది నైట్రోబాక్టర్ అని వినోగ్రాడ్‌స్కీ కాలం నుంచీ పాఠ్యపుస్తకాలు చెప్పాయి. 1998లో అమెరికాలో టిమ్ హోవనెక్ బృందం అసలు అక్వేరియం ఫిల్టర్లలో వెతికితే ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా రకం జీవులని తేలింది. 2011లో కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీవాళ్ళు చాలా మంచినీటి తొట్లలో అమోనియా పని చేసేది బాక్టీరియా కూడా కాదు, ఆర్కియా అనే వేరే జాతి అన్నారు. 2015లో నెదర్లాండ్స్‌లో చేపల పెంపకపు ఫిల్టర్ నుంచి తెచ్చిన జీవుల్లో రెండంచెలనీ ఒంటిచేత్తో చేసే నైట్రోస్పైరా దొరికింది. కొడుకు వారింగ్టన్ రెండుగా విడదీసిన పనిని ఒక్కటే చేసే జీవి, తండ్రి వారింగ్టన్ లాంటివాళ్ళు మొదలుపెట్టిన నీళ్ళలోనే బయటపడింది.

మరి ఏం పొయ్యాలి?

ఈ చరిత్ర చేతిలో పెట్టుకుని ఆ వాట్సాప్ ఫొటోకి జవాబు చెబుదాం. ముందు ఒక గాజుగ్లాసులో తొట్టినీళ్ళు పట్టి, వెనక తెల్లకాగితం పెట్టి చూడాలి. తర్వాత ఆ గ్లాసుని రాత్రంతా కదపకుండా వదిలెయ్యాలి. పొద్దునకి అడుగున మడ్డి దిగి పైన తేటగా ఉంటే అది మట్టి. తెలుపో బూడిదరంగో ఉండి దిగకపోతే బాక్టీరియా. పచ్చగా ఉంటే నాచు.

తెల్లమసక కొత్త తొట్టిలో వస్తుంది. మిగిలిపోయిన మేతా, చేపల విసర్జనా తినే బాక్టీరియా గంటల్లో రెట్టింపవుతాయి. అమోనియాని మార్చే జీవులకి రెట్టింపవడానికి అర్ధరోజో, రోజో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఈ వేగాల తేడాయే ఆ మసక. మేత తగ్గించి, గాలి బాగా ఆడేట్టు చేస్తే సాధారణంగా కొద్దిరోజుల నుంచి రెండు వారాల్లో అదే పోతుంది. ఓపిక లేక నీళ్ళన్నీ పారబోసి, తొట్టి కడిగి, కొత్తనీళ్ళు పోస్తే ఇరవై రోజుల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. సర్వర్ రీస్టార్ట్ చేసి సమస్య తీరిందనుకోవడం లాంటిదే.

అసలు ప్రమాదం మసకలో లేదు. అమోనియాకి రంగు లేదు. మసక పోయి నీళ్ళు మిలమిలలాడుతున్నప్పుడు కూడా అది ఉండొచ్చు. పైగా దాని విషం నీటి పీహెచ్‌ని బట్టి మారుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమోనియాలో చేపని చంపే రూపం వాటా దాదాపు పదిరెట్లవుతుంది. వేడి పెరిగినా పెరుగుతుంది. గట్టి బోరునీళ్ళు, మే నెల ఎండ కలిసే మన ఊళ్ళల్లో ఈ లెక్క చిన్నదేం కాదు. అందుకే కొనాల్సింది నీలిసీసా కాదు, అమోనియా టెస్ట్ కిట్. అందులో అమోనియా కనిపిస్తే, క్లోరిన్ తీసేసిన నీళ్ళతో పావోవంతో, మూడోవంతో మార్చాలి. నీళ్ళు మార్చడం తప్పు కాదు. నీళ్ళతోపాటు పనివాళ్ళని పారబొయ్యడం తప్పు.

పచ్చనీళ్ళ నాచుకణాలు మిల్లీమీటరులో వందోవంతు కూడా ఉండవు. స్పాంజి వాటిని పట్టలేదు. ప్రీస్ట్‌లీ పాత్రలో దానికి దొరికినవే ఇక్కడా దొరుకుతున్నాయి: ఎండ, నిలవనీళ్ళు, ఎరువు. తొట్టిని కిటికీ దగ్గర్నుంచి జరపాలి. లైటు ఆరేడు గంటలకి తగ్గించాలి. మేత తగ్గించాలి. మొండికేస్తే మూడునాలుగు రోజులు దుప్పటి కప్పి పూర్తిచీకటి చెయ్యొచ్చు. అప్పుడు గాలిపంపు ఆగకూడదు, తర్వాత కొంత నీళ్ళు మార్చాలి. ఎందుకంటే చచ్చిన నాచు మళ్ళీ అమోనియా అవుతుంది. యూవీ దీపం ఉన్న ఫిల్టర్ కూడా పనిచేస్తుంది. వారింగ్టన్ దారి నచ్చితే డాఫ్నియా అనే నీటిపురుగుల్ని వదలొచ్చు, చేపలు వాటిని ముందే తినెయ్యకపోతే అవి నాచుని వడగట్టి తినేస్తాయి.

ఇంతకీ పచ్చ చెడ్డదేనా? కొల్లేరు చుట్టుపక్కల చేపలచెరువుల రైతుని అడిగి చూడండి. శీలావతీ బొచ్చే పెరిగే చెరువులో నీళ్ళు అద్దంలా ఉంటే ఆయన దిగులుపడతాడు. పేడ, సూపర్‌ఫాస్ఫేట్ వేసి మరీ పచ్చబరుస్తాడు. ఆ పచ్చదనమే చేపల మేతకి మొదలు. అదే పచ్చ మరీ చిక్కనైతే మాత్రం ఆయన రాత్రి నిద్రపోడు. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నాచు చీకటిపడ్డాక తానే పీల్చుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు ఏరేటర్లు తిరగాలి. ఆయన నీటిరంగుని చూసేది శుభ్రమా కాదా అని కాదు, ఎంత పని జరుగుతోంది, ఎవరు చేస్తున్నారు అని. ఆ చూపు మన ముందుగది తొట్టికీ పనికొస్తుంది.

ఫిల్టర్ విప్పి చూస్తే స్పాంజికి గోధుమరంగు జిగురు పట్టి ఉంటుంది. చూడ్డానికి అసహ్యంగానే ఉంటుంది. చాలామంది దాన్ని కుళాయి కింద పెట్టి, మున్సిపాలిటీ క్లోరిన్ నీళ్ళతో తెల్లగా అయ్యేదాకా పిండుతారు. రెండ్రోజులకి నీళ్ళు మసకబారితే కారణం అర్థం కాదు. కొడుకు వారింగ్టన్ పద్నాలుగేళ్ళు వెతికినా విడదీసి చూపించలేకపోయినవాళ్ళు ఆ జిగురులో ఉన్నారు. దాన్ని తొట్టిలోంచే తీసిన బకెట్టు నీళ్ళలో ఒకసారి ముంచి, మెల్లగా పిండి, మళ్ళీ లోపల పెట్టెయ్యాలి.